పూతలో లెక్కకు రాని ఉదజని
విద్యుల్లేపన పాఠంపై ఒక విమర్శ

హైదరాబాదు నుంచి వరంగల్లుకు పోయే మార్గంలో జనగామ సమీపాన పెంబర్తి అనే గ్రామం ఉన్నది. ఇత్తడి రేకును సుత్తితో సాగగొట్టి దేవాలయాలకు కలశాలు, తొడుగులు, ద్వార ఫలకాలు తయారుచేయడంలో ఆ గ్రామపు పనివారు పేరు పొందారు. అదే మార్గంలో ముందుకు సాగి కాజీపేట దాటితే, 1959లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల వస్తుంది. 2002 నుంచి అది జాతీయ సాంకేతిక విద్యాసంస్థ. అక్కడ లోహశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక శాఖ ఉన్నది. ఇంకా ముందుకు పోయి హన్మకొండ, వరంగల్లు బజారులలో అడుగుపెడితే, అద్దాల వెనుక 'వన్ గ్రామ్ గోల్డ్' అనే పేరుతో గాజులు, హారాలు ధగధగలాడుతూ కనిపిస్తాయి. ఒకచోట లోహాన్ని చేతితో మలుస్తారు. ఒకచోట లోహపు గుణాలను పరిశోధిస్తారు. ఒకచోట ఒక లోహం మీద మరొక లోహాన్ని కప్పి అమ్ముతారు.

ఈ మూడింటికీ నడుమ ఉన్నత పాఠశాల ఉన్నది. పనివాని కుమారుడు, రేపటి ఇంజనీరు, నగ కొనే ఇల్లాలు, అందరూ ఏదో ఒకనాడు ఆ బల్లల మీద కూర్చున్నవారే. లోహపు పూతను గురించి వారు అక్కడ వినేది సాధారణంగా ఒకే ఒక పాఠం. అది విద్యుల్లేపనం. కావున ఆ పాఠం ఏమి చెప్పుతున్నది, ఏమి చెప్పక విడిచిపెట్టుతున్నది అని విచారించడం అవసరం.

పాఠంలోని సుగుణం

పాఠ్యపుస్తకాలలో సాధారణంగా కనిపించే వివరణ ఇట్లా ఉంటుంది. పూత వేయవలసిన వస్తువును ఋణధ్రువంగా అమర్చాలి. పూతకు కావలసిన లోహపు పలకను ధనధ్రువంగా ఉంచాలి. ఆ లోహపు లవణ ద్రావణంలో రెండింటినీ ముంచి విద్యుత్తును పంపాలి. లోహపు అయాన్లు ఋణధ్రువాన్ని చేరి, ఎలక్ట్రానులను గ్రహించి, లోహంగా మారి అంటుకొంటాయి. ఎంత విద్యుత్తు పోతే అంత లోహం పేరుకొంటుంది.

ఈ చివరి వాక్యానికి మూలం మైకేల్ ఫారడే 1833–34లలో ప్రకటించిన నియమాలు. కంటికి కనిపించని విద్యుత్తును త్రాసులో తూచగల లోహంతో ముడిపెట్టిన ఆ నియమాలు రసాయనశాస్త్రానికి లభించిన గొప్ప నిధులలో ఒకటి. ఒక కూలుంబు విద్యుత్తుకు 0.329 మిల్లీగ్రాముల రాగి, లేక ఏకసంయోజక స్థితిలో ఉన్న బంగారం 2.04 మిల్లీగ్రాములు పేరుకొంటుందని విద్యార్థి కాగితం మీదనే లెక్కకట్టగలుగుతాడు. పాఠం ఈ సంబంధాన్ని స్పష్టంగా చెప్పుతున్నది. ఇది దాని సుగుణం. దీనిని తక్కువ చేయనక్కరలేదు.

చిక్కు త్రాసు దగ్గర వస్తుంది. అర ఆంపియరు విద్యుత్తును 30 నిమిషాలపాటు రాగి ద్రావణం గుండా పంపారనుకుందాం. మొత్తం 900 కూలుంబులు. నియమం ప్రకారం 0.296 గ్రాముల రాగి రావాలి. త్రాసు 0.24 గ్రాములే చూపిందనుకుందాం. అప్పుడు విద్యార్థి నోటు పుస్తకంలో ఏమి రాస్తాడు? 'ప్రయోగ దోషం' అని రాస్తాడు. ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో సరిచూసి వదలిపెడతాడు. లెక్కకు తగ్గిన ఆ 0.056 గ్రాముల రాగి మోయవలసిన 170 కూలుంబుల విద్యుత్తు ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు.

ఫారడే నియమం తప్పలేదు. విద్యుత్తు వృథాగా మాయం కాదు. తూకంలో పొరపాటు జరిగి ఉండవచ్చు, కొంత పూత రాలిపోయి ఉండవచ్చు. ఆ రెండూ లేవని తేలితే మిగిలిన విద్యుత్తు మరొక పని చేసి ఉండాలి. నీటి ద్రావణంలో ఆ పనికి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది ఉదజని, అనగా హైడ్రోజన్. 170 కూలుంబులకు సుమారు 20 మిల్లీలీటర్ల ఉదజని వెలువడాలి. ఋణధ్రువం మీద తళుకుమని లేచిపోయిన చిన్న బుడగలే ఆ లెక్కలోని మిగిలిన భాగం. నియమాన్ని సగానికే ప్రయోగించి, మిగిలిన సగాన్ని దోషమనడం పాఠంలోని మొదటి లోపం.

ఉదజని ఎప్పుడు పోటీకి వస్తుంది?

రెండవ లోపం మరికొంత లోతైనది. క్రియాశీలత శ్రేణిని కంఠస్థం చేసిన విద్యార్థి ఇట్లా తర్కిస్తాడు: శ్రేణిలో ఉదజనికి దిగువ ఉన్న రాగి, వెండి, బంగారం ద్రావణం నుంచి తేలికగా లోహాలుగా బయటపడతాయి, కనుక బంగారపు పూత వేసేటప్పుడు ఉదజని ప్రసక్తి ఉండరాదు. శ్రేణికి ఎగువ ఉన్న జింకు విషయంలో మాత్రం ముందుగా ఉదజనే రావాలి. ఈ రెండు అనుమానాలూ కార్యశాలలో తలకిందులవుతాయి. ఆమ్ల ద్రావణం నుంచి సైతం జింకు పూత చక్కగా వేయవచ్చు. బంగారపు పూతలో, కొన్ని ద్రావణాలలో, విద్యుత్తులో సగానికి పైగా ఉదజని పాలవుతుంది.

జింకు సంగతి ముందు చూద్దాం. ఉదజని అయాన్లు లోహతలం మీద కలిసి వాయువుగా మారడానికి అన్ని లోహాలూ ఒకే విధంగా తోడ్పడవు. ప్లాటినం మీద ఆ పని సులభంగా జరుగుతుంది. జింకు, సీసం, పాదరసాల మీద అది ఎంతో కష్టం. అదనంగా వోల్టేజి ఇస్తేకాని జరగదు. ఈ అదనపు వోల్టేజినే అధివోల్టత అంటారు. శ్రేణి ఏది ముందు రాగలదో చెప్పుతుంది. ఏది ఎంత వేగంతో వస్తుందో చెప్పదు. జింకుకు ఈ వేగపు తేడాయే రక్ష.

ఇక బంగారం. బంగారపు పూతకు వాడే ద్రావణాలలో ముఖ్యమైనది పొటాషియం బంగారు సైనైడు. బంగారాన్ని సైనైడు ద్రావణం నుంచి పేర్చే పద్ధతి 1840లో బర్మింగుహాములోని ఎల్కింగ్టన్ల పేటెంటుతో వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో బంగారం విడి అయానుగా ఉండదు. ఒక్కొక్క బంగారపు పరమాణువును రెండు సైనైడు సమూహాలు గట్టిగా పట్టుకొని ఉంటాయి. ఆ పట్టు నుంచి దానిని విడిపించి లోహంగా మార్చాలంటే ప్రమాణ ఉదజని ధ్రువంతో పోల్చినప్పుడు సుమారు –0.6 వోల్టుల వద్దకు దిగవలసి ఉంటుంది.

ఉదజని వెలువడే వోల్టేజి ద్రావణపు ఆమ్లత్వాన్ని బట్టి మారుతుంది. పీహెచ్ విలువ ఒక్కొక్క అంకె పెరిగితే అది సుమారు 0.059 వోల్టులు దిగుతుంది. పీహెచ్ 4 గల ఆమ్ల ద్రావణంలో అది –0.24 వోల్టులు. పీహెచ్ 12 గల క్షార ద్రావణంలో –0.71 వోల్టులు. ఇప్పుడు మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. క్షార ద్రావణంలో బంగారం వంతు ముందుగా వస్తుంది. ఆమ్ల ద్రావణంలో, బంగారం బయటపడే వోల్టేజి వద్దకు చేరేసరికి ఉదజనికి ద్వారం ఎప్పుడో తెరుచుకొని ఉంటుంది. ఈ కారణం చేతనే క్షార సైనైడు ద్రావణాలలో విద్యుత్తు దాదాపు అంతా బంగారాన్ని పేర్చడానికే వినియోగపడుతుంది. కోబాల్టు కలిపిన ఆమ్ల ద్రావణాలలో సాధారణంగా నూటికి 30 నుంచి 40 వంతులు మాత్రమే బంగారానికి దక్కుతుంది.

ఒక ఆంపియరు విద్యుత్తు ఒక నిమిషం ప్రవహిస్తే నియమం ప్రకారం 122 మిల్లీగ్రాముల బంగారం పేరుకోవాలి. నూటికి 35 వంతులే దక్కితే 43 మిల్లీగ్రాములు వస్తుంది. మిగిలిన విద్యుత్తు నిమిషానికి దాదాపు నాలుగున్నర మిల్లీలీటర్ల ఉదజనిని విడుదల చేస్తుంది. పాఠాన్ని మాత్రమే నమ్ముకొని పూత మందాన్ని లెక్కకట్టినవాడు ఇక్కడ మూడింట ఒక వంతుకు దగ్గరగా ఉన్న పూతను పూర్తి పూత అనుకొంటాడు.

బంగారమా, మిశ్రలోహమా?

మూడవ లోపం పాఠంలోని ఏకవచనం. పాఠంలో ఎప్పుడూ ఒకే లోహం పేరుకొంటుంది. కాని పూతగా వేసే బంగారంలో చాలా భాగం మిశ్రలోహమే. శుద్ధమైన బంగారం మెత్తన. రాపిడికి త్వరగా అరుగుతుంది. అందుచేత ద్రావణంలో కోబాల్టు, నికెలు వంటి లోహాల లవణాలను స్వల్పంగా చేర్చుతారు. రంగు కోసం రాగిని చేర్చుతారు. మన పెద్దలు వన్నె అన్న మాటతో బంగారపు స్వచ్ఛతను కొలిచారు. పదహారు వన్నెలది మేలిమి. కొలిమిలో కరిగించి కలిపిన మిశ్రమంలో వన్నె ఎంతో కంసాలి చేతిలో ఉంటుంది. వేసినంత రాగి, వేసినంత బంగారం అందులో ఉంటాయి. విద్యుత్తుతో పేర్చిన మిశ్రమంలో అట్లా కాదు. ద్రావణంలో ఉన్న పాళ్ళు వేరు, పూతలోకి వచ్చే పాళ్ళు వేరు.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసిన ఆబ్నర్ బ్రెన్నర్ మిశ్రలోహాల విద్యుల్లేపనంపై 1963లో రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. అందులో అతడు ఈ వ్యవస్థలను అయిదు తరగతులుగా విభజించాడు. కొన్నింటిలో లోహాలు ఊహించిన క్రమంలోనే వస్తాయి. కొన్నింటిలో క్రమం తలకిందులై, తేలికగా రావలసిన లోహం వెనుకబడుతుంది. మరికొన్నింటిలో ఒంటరిగా రానే రాని లోహం మరొక దాని తోడుతో వస్తుంది. ఇటువంటి వర్గీకరణ అవసరమైనదంటేనే, 'అయాను వచ్చింది, అంటుకొన్నది' అనే ఒక్క వాక్యం ఎంత చాలనిదో తెలుస్తున్నది.

బంగారం, రాగి రెండూ ఉన్న సైనైడు ద్రావణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ద్రావణంలో విడిగా మిగిలి ఉన్న సైనైడు ఎక్కువైతే రాగి మరింత గట్టిగా బంధింపబడుతుంది. పూతలో రాగి తగ్గి రంగు పసుపు వైపు మొగ్గుతుంది. చదరపు సెంటీమీటరుకు ప్రవహించే విద్యుత్తును, అనగా విద్యుత్ సాంద్రతను పెంచితే సాధారణంగా రాగి పాలు పెరిగి ఎరుపు ఛాయ వస్తుంది. వేడిమిని పెంచినా, ద్రావణాన్ని బాగా కలియబెట్టినా ఋణధ్రువం వద్దకు బంగారపు అయాన్లు వేగంగా చేరి సాధారణంగా బంగారం పాలు పెరుగుతుంది. నగలోని అంచులు, మొనలు ఎక్కువ విద్యుత్తును ఆకర్షిస్తాయి. లోతులకు తక్కువ అందుతుంది. అందుచేతనే ఒకే హారంలో గుండు పైభాగం ఒక ఛాయలో, చెక్కడపు పల్లం మరొక ఛాయలో కనిపించడం సంభవిస్తుంది. ఇది కల్తీ వల్ల వచ్చినది కాకపోవచ్చు. పూత వేసిన పరిస్థితుల ఫలితం కావచ్చు. ఈ తేడా తెలియడం పాఠం ఇవ్వదగిన జ్ఞానం.

ఉదజని చేసే మేలు, కీడు

ఉదజని లెక్కను తగ్గించి ఊరుకొంటే దానిని గురించి ఇంత చెప్పనక్కరలేదు. అది పూత స్వభావాన్నే మార్చుతుంది.

మొదటిది, బుడగలు. లోహతలాన్ని వెంటనే వదలని బుడగ తన కింద ఉన్న చోట పూత పడనీయదు. చుట్టూ లోహం పేరుకొని అక్కడ చిన్న గుంట, లేదా సూక్ష్మరంధ్రం మిగులుతుంది. బంగారం తుప్పు పట్టదు. కాని రంధ్రం గుండా చెమట లోపలి రాగికో ఇత్తడికో చేరితే అది నల్లబడుతుంది. పూత మీద మచ్చ పుడుతుంది. 'బంగారం నల్లబడ్డది' అని అందరూ అంటారు. నల్లబడినది బంగారం కాదు, రంధ్రం కిందనున్న ఆధార లోహం. మచ్చలన్నింటికీ ఉదజనే కారణమనడం కూడ సరి కాదు. ఆధార లోహాన్ని సరిగా శుభ్రం చేయకపోవడం, పూత మరీ పలుచన కావడం, రాపిడికి అరిగిపోవడం, ఇవి కూడ అంతే ముఖ్యమైన కారణాలు.

రెండవది, ఉదజని వెలువడినచోట ఆమ్లత్వం తగ్గుతుంది. ద్రావణమంతా ఆమ్లంగా ఉన్నా, ఋణధ్రువాన్ని ఆనుకొని ఉన్న పలుచని పొర క్షారత్వం వైపు జరుగుతుంది. అక్కడ కొన్ని లోహాల హైడ్రాక్సైడులు అవక్షేపమై పూతలో చిక్కుకొనగలవు. ద్రావణంలో సిట్రేటు వంటి లవణాలను చేర్చడం ఈ మార్పును అదుపులో పెట్టడానికే.

మూడవది, ఉదజని లోహం లోపలికే చొరబడవచ్చు. ఈ గుణంలో లోహాలన్నీ సమానం కావు. బంగారం ఉదజనిని దాదాపుగా కరిగించుకోదు. పల్లాడియం తన ఘనపరిమాణానికి సుమారు 900 రెట్లు ఉదజనిని ఇముడ్చుకోగలదని థామస్ గ్రాహాం 1860లలోనే కనుగొన్నాడు. కనుక పల్లాడియం కలిసిన పూతలలో ఉదజని చేరి, లోహం ఉబ్బి, పగుళ్ళు ఏర్పడే ప్రమాదం ఉన్నది. ఆధార లోహం బలమైన ఉక్కు అయితే చిక్కు మరొక విధంగా వస్తుంది. ఉక్కులో చేరిన ఉదజని దానిని పెళుసుగా చేస్తుంది. అటువంటి స్ప్రింగులను, మరలను పూత వేసిన తరువాత సుమారు 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో గంటల తరబడి ఉంచి ఉదజనిని బయటికి పంపుతారు. పూత నిగనిగలాడుతున్నా లోపలి ఉక్కు విరిగిపోవచ్చునన్న సంగతి యంత్రాల పని నేర్చుకోబోయే విద్యార్థికి ప్రాణరక్షకమైన విషయం.

ఇన్ని కీడులు చేసే ఉదజనికి తావిచ్చే ఆమ్ల ద్రావణాన్ని ఎందుకు వాడుతున్నట్లు? దీనికి జవాబు పాఠానికి నాలుగవ పాఠం వంటిది. కోబాల్టు కలిపిన ఆమ్ల ద్రావణంలో పేరుకొన్న బంగారం కఠినంగా ఉంటుంది. చిన్న వజ్రపు మొనతో నొక్కి కొలిచే నూప్ కొలమానం ప్రకారం మెత్తని బంగారపు పూత కఠినత్వం 90కి మించదు. ఈ కఠినమైన పూతలలో అది 130 నుంచి 200 వరకు ఉంటుంది. వాటిలో కోబాల్టు వెయ్యికి రెండు మూడు పాళ్ళకు మించక పోయినా ఇంత మార్పు వస్తున్నది. మాటిమాటికి తీసి పెట్టే విద్యుత్ సంధానాల కొనలకు, రాపిడికి లోనయ్యే పరికరాలకు ఇటువంటి పూతనే వాడుతారు. విద్యుత్తులో మూడింట రెండు వంతులు పోయినా సరే, ఆ కఠినత్వం కావాలని నిపుణులు తెలిసి ఆ నష్టాన్ని భరిస్తున్నారు.

ఈ పూతలో మరొక వింత కూడ ఉన్నది. శుద్ధ బంగారపు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 19.3 గ్రాములు. కోబాల్టుతో కఠినమైన పూత సాంద్రత సుమారు 17.5 గ్రాములకు దిగుతుంది. వెయ్యికి రెండు పాళ్ళ కోబాల్టు వల్ల సాంద్రత 19.25 వరకే తగ్గాలి. మిగిలిన తేలికదనానికి కారణం లోహం కాదు. పేరుకొనేటప్పుడు చిక్కుకొన్న కర్బనం, నత్రజని, పొటాషియం, ఉదజని. కనుక బరువును తూచి మందం కట్టేవారు 19.3 అన్న అంకెను గుడ్డిగా వాడితే అక్కడ కూడ లెక్క తప్పుతుంది.

బజారులోని మాట

మచిలీపట్నం శివారులోని చిలకలపూడి పేరు తెలుగునాట గిల్టు నగలకు మారుపేరు. కాకి బంగారమన్న మాట అంతకన్న పాతది. ఇవి హేళనగా పలికే మాటలే అయినా నిజాయితీ గలవి. నగ బంగారం కాదని చెప్పకనే చెప్పుతున్నవి. 'వన్ గ్రామ్ గోల్డ్' అన్న కొత్త మాట అట్లా కాదు. ఇది ఒక కొలతవలె వినిపిస్తుంది.

కొలత అన్నప్పుడు కొలవవలసిందే. ఒక గ్రాము శుద్ధ బంగారాన్ని ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు మందాన పరిస్తే సుమారు 518 చదరపు సెంటీమీటర్ల మేర కప్పవచ్చును. ఒక హారపు ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. దాని మీద మైక్రానులో పదవ వంతు మందం గల పూత వేయడానికి 19 మిల్లీగ్రాముల బంగారం చాలు. అది గ్రాములో యాభయ్యవ వంతు. కంటికి రెండు పూతలూ ఒకే విధంగా మెరుస్తాయి. కాబట్టి కొనేవారు అడగవలసిన ప్రశ్నలు గ్రామును గురించి కావు. పూత మందం ఎంత? బంగారానికీ ఆధార లోహానికీ నడుమ మరొక పొర ఉన్నదా? పూత మిశ్రలోహంలో ఏమేమి ఉన్నవి? చివరి ప్రశ్న ఆరోగ్యానికి సంబంధించినది. నికెలు కొందరి చర్మానికి పడదు. రంగు కోసం పూర్వం బంగారం, రాగితోపాటు కలుపుతూ వచ్చిన కాడ్మియం విషపదార్థం. ఐరోపా సమాజం 2011లో నగలలో దాని వాడకంపై కఠినమైన పరిమితి విధించింది.

గీటురాయి మీద గీసి వన్నె కట్టడం తెలిసిన సమాజానికి ఈ ప్రశ్నలు కొత్త కాకూడదు. వాటిని అడిగే చదువు పాఠశాలలో మొదలుకావాలి. పాఠం మెరుపును చూపి ఆగిపోతే విద్యార్థి మెరుపునే పరీక్షగా భావిస్తాడు.

పాఠాన్ని ఎట్లా సరిదిద్దాలి?

ఇంత విషయం ఉన్నత పాఠశాల విద్యార్థికి భారం కాదా అని ఉపాధ్యాయులు అడగవచ్చును. అధివోల్టత, సంక్లిష్ట అయాను, నూప్ కొలమానం, ఇవన్నీ పదవ తరగతి పరీక్షకు అక్కరలేదు. ఆ ఆక్షేపణలో న్యాయం ఉన్నది. అయితే చేర్చవలసినవి మూడు వాక్యాలే. ఋణధ్రువం వద్ద లోహంతోపాటు ఉదజని కూడ వెలువడవచ్చును. రెండింటికి ఖర్చయిన విద్యుత్తును కూడితేనే ఫారడే లెక్క సరిపోతుంది. ఆ పంపకం ద్రావణం, ఆమ్లత్వం, వేడిమి, విద్యుత్ సాంద్రత అన్న నాలుగింటిని బట్టి మారుతుంది, దానితో పూత గుణం కూడ మారుతుంది. పిల్లలకు తెలిసిన ఉదాహరణ కూడ ఉన్నది. సైకిలు చేతిపట్టీ మీది క్రోమియం పూతను క్రోమిక్ ఆమ్లపు ద్రావణం నుంచి వేసేటప్పుడు విద్యుత్తులో నూటికి 20 వంతులు కూడ క్రోమియానికి దక్కవు. మిగిలినదానిలో అధిక భాగం ఉదజని పాలే.

ప్రయోగానికి బంగారం అక్కరలేదు. అది తగదు కూడ. సైనైడు భయంకరమైన విషం. ఆమ్లం తగిలితే ప్రాణాంతకమైన వాయువు వెలువడుతుంది. పాఠశాలలో దాని నీడ కూడ పడనీయరాదు. మైలుతుత్తం, అనగా రాగి సల్ఫేటు చాలు. ఉపాధ్యాయుడు తన చేతిమీదుగా కొద్దిగా సజల గంధకామ్లం చేర్చిన పలుచని రాగి సల్ఫేటు ద్రావణాన్ని రెండు గాజుపాత్రలలో పోయాలి. రెండింటిలోను రాగి పలకలే ధ్రువాలు. మొదటి పాత్రలో తక్కువ విద్యుత్తును ఎక్కువసేపు పంపాలి. రెండవ పాత్రలో ఎక్కువ విద్యుత్తును తక్కువసేపు పంపాలి. మొత్తం కూలుంబులు రెండింటిలోను సమానంగా ఉండాలి. ఆరు వోల్టుల బ్యాటరీ, ఆంపియరుమీటరు, గడియారం ఉంటే ఇది సాధ్యం.

మొదటి పాత్రలో గులాబీ రంగు గల నునుపైన రాగి వస్తుంది. రెండవ పాత్రలో విద్యుత్తును తగినంత పెంచితే ఋణధ్రువం వద్ద రాగి అయాన్లు కరువవుతాయి. అవి ద్రావణం నుంచి వచ్చి చేరేలోగా విద్యుత్తు ఉదజనిని ఆశ్రయిస్తుంది. బుడగలు లేస్తాయి. పూత ముదురు రంగుతో, పొడిపొడిగా, వేలు తగిలితే రాలిపోయేటట్లు తయారవుతుంది. దీనిని పనివారు కాలిన పూత అంటారు. ఋణధ్రువం మీద నీటితో నింపిన పరీక్షనాళికను బోర్లించి ఉంచితే వాయువును పట్టి కొలవవచ్చు కూడ. ఆ గది గాలి బాగా ఆడేదిగా ఉండాలి. దరిదాపుల మంట ఉండరాదు.

అప్పుడు విద్యార్థి రెండు పలకలనూ తూచుతాడు. పేరుకొన్న రాగికి ఎన్ని కూలుంబులు, పట్టిన ఉదజనికి ఎన్ని కూలుంబులు అని విడివిడిగా లెక్కకట్టి కూడుతాడు. మొత్తం గడియారమూ ఆంపియరుమీటరూ చెప్పిన సంఖ్యకు దగ్గరగా వస్తుంది. అప్పటికీ కొంత మిగిలితే, ఆ మిగిలినదానిని ప్రయోగ దోషమని రాయడం న్యాయం. అంతకు ముందు కాదు.

తమిళనాడులోని కారైకుడిలో 1953లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధనాలయంవంటి సంస్థలలో, వరంగల్లు వంటి చోట్ల ఉన్న లోహశాస్త్ర శాఖలలో ఈ విషయాలపై నైపుణ్యం ఉన్నది. అక్కడికి చేరబోయే విద్యార్థి పునాది పాఠశాలలోనే పడుతుంది. అక్కడికి చేరని విద్యార్థికి కూడ ఈ పాఠం వృథా కాదు. పూత పని నేర్చేవానికి బుడగలను చూసి విద్యుత్తును తగ్గించాలన్న తెలివి వస్తుంది. నగ కొనేవారికి మందం ఎంతని అడిగే ధైర్యం వస్తుంది. అందరికీ, లెక్క తప్పినప్పుడు దానిని దోషమని కొట్టివేయక, మిగిలినది ఎక్కడికి పోయిందని వెదికే అలవాటు వస్తుంది. ప్రయోగశాల త్రాసు ముందు నిలబడిన బాలుడు లేక బాలిక నేర్చుకోవలసిన మొదటి శాస్త్రీయ గుణం అదే.